బతికిస్తూ వాడుకుంటారట!

చట్టాలకు పేర్లు పెట్టేవారికి సాహిత్య బహుమతి ఒకటి ఉండాలి. ఉంటే మొదటిది టర్కీకే. 2005లో తెచ్చిన 5366వ నంబరు చట్టం పేరు తెలుగులో చెప్పాలంటే ఇదీ: శిథిలమవుతున్న చారిత్రక, సాంస్కృతిక స్థిరాస్తులను నవీకరిస్తూ కాపాడటం, బతికిస్తూ వాడుకోవడం. ‘బతికిస్తూ వాడుకోవడం’! కోళ్ల ఫారం యజమానికి తప్ప ఇంకెవరికీ తట్టదు. మనకూ ‘సుందరీకరణ’ అనే ముద్దుమాట ఉందిగానీ, మూసీ ఒడ్డున గోడల మీద ఎర్ర అక్షరాలు చూసినవారిని దాని అర్థం అడగకండి.

ఈ చట్టం కాపాడిన వాటిలో ఇస్తాంబుల్‌లోని సులుకులె ఒకటి. పాత కోటగోడల పక్కన రోమా జాతివారు (జిప్సీలు) తరతరాలుగా క్లారినెట్టూ, దర్బుకా అనే చేతి డోలూ వాయించుకుంటూ బతికిన పేట. వాళ్ల పాటల ఇళ్లను 1990ల మొదట్లో పోలీసులే మూయించారు. పని పోయి పేట చితికిపోయాక, అయ్యో శిథిలమైపోయిందే అని అధికారులే కన్నీరు పెట్టుకున్నారు. కుక్కకు ముందు పిచ్చిదని పేరు పెట్టాలి కదా.

పేటను కూల్చి కొత్త ఇళ్లు కట్టే ప్రాజెక్టు వచ్చింది. అద్దెవాళ్లకు సుమారు 40 కిలోమీటర్ల అవతల, తషోలుక్‌లో ప్రభుత్వ ఫ్లాట్లు చూపించారు. 15 ఏళ్ల వాయిదాలు. ఒక్కసారి ఊహించుకోండి. దర్బుకా వాయించే పెద్దాయన నగరంలో పెళ్లి కచేరీ ముగించేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆఖరి బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. సంపాదించినది టాక్సీకి సరిపోతుంది, వాయిదాకు సరిపోదు. తెల్లవారాక సాధన మొదలుపెడితే కింది ఫ్లాటువారు చీపురు కర్రతో పైకప్పు పొడుస్తారు, అదీ తాళం తప్పి! సంఘం నోటీసు వస్తుంది. చివరికి సాంస్కృతిక వారసత్వం మంచం కిందికి చేరుతుంది, పాత సూట్‌కేసు పక్కన, భద్రంగా. చూశారా, కాపాడారు!

అడ్డుకున్నవారు లేకపోలేదు. సులుకులె ప్లాట్‌ఫాం అనే పౌర బృందం 2007లో ‘నలభై పగళ్లు, నలభై రాత్రులు’ అని పేట కోసం ఉత్సవమే చేసింది. ఆ తర్వాత మాను చావో వంటి విదేశీ గాయకులూ పేటకు వచ్చారు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. బుల్‌డోజరుకు మాత్రం సంగీతజ్ఞానం లేదు.

2012లో కోర్టు ఆ ప్రాజెక్టును రద్దు చేసింది. అప్పటికి పేట నేలమట్టమై, దాని మీద ‘ఒట్టోమన్ శైలి’ ఇళ్లు లేచాయి. రద్దు అంటే ఏమిటి? ఎవరి ఇల్లు తిరిగి వచ్చింది? ఇంట్లో మనుషులు ఉండగానే గోడ కూల్చడం మొదలుపెట్టిన యంత్రానికి ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదే, న్యాయానికి మాత్రం ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? దొంగతనం జరిగిందని ఒప్పుకుని, సొత్తు దొంగ దగ్గరే ఉంచేదాన్ని తీర్పు అనమంటే నేను అనను.

తషోలుక్ వెళ్లినవారిలో చాలామంది ఫ్లాటు హక్కు అమ్ముకుని తిరిగొచ్చేశారు. పాత పేట పక్కనే, కరగుమ్రుక్ సందుల్లో, అద్దెకు.