మా ఇంటి ఎముకల సంఘం: తొలి ఏడాది నివేదిక

మా ఆవిడకు యాభై ఏడో ఏట తీసిన డెక్సా అనే ఎముకల సాంద్రత పరీక్షలో వెన్నెముక దగ్గర టి-స్కోరు మైనస్ 2.7 అని వచ్చింది. ఇంతటి గంభీరమైన విషయాన్ని ఆమె ఒక్కతెకే వదిలేయడం బాధ్యతారాహిత్యమని భావించి, ఆ సాయంత్రమే నా అధ్యక్షతన ఇంట్లో ఒక సంఘాన్ని ఏర్పాటు చేయడం జరిగింది. నేను, మా అబ్బాయి, మా బావమరిది, బెంగుళూరు నుంచి వీడియో కాల్‌లో మా అమ్మాయి ఇందులో సభ్యులం. మా ఆవిడను మాత్రం చేర్చుకోలేదు. ఎముకలు ఆమెవే గనుక నిష్పాక్షికంగా ఆలోచించజాలదని సంఘం అభిప్రాయపడింది. సమావేశాలకు టీ ఆమే పెట్టింది. నడివయసు దాటిన ఆడవాళ్లున్న ప్రతి ఇంటికీ ఇటువంటి సంఘం ఉండి తీరాలన్నది నా వాదన, అందుకు మా ఏడాది అనుభవమే ఆధారం.

తొలి సమావేశం మొత్తం మైనస్ గుర్తు మీదే గడిచింది. మా అబ్బాయి ఐఐటీ కోచింగులో ఉన్న రోజుల నుంచీ మైనస్ మార్కులంటే ఈ ఇంట్లో అందరికీ దడే గాని, ఏ తప్పు జవాబుకు ఈ మైనస్ పడిందో ఎవరికీ అంతుపట్టలేదు. డాక్టరుగారు ఓపికగా చెప్పిన ప్రకారం, సున్నా అంటే ఇరవైల్లో ఉన్న ఆరోగ్యవంతురాలి ఎముక; మైనస్ 1 దాకా మామూలు, అక్కడి నుంచి మైనస్ 2.5 లోపు సాంద్రత తగ్గినట్టు, మైనస్ 2.5కు చేరినా ఇంకా దిగినా ఎముకలు గుల్లబారినట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో గీసిన గీత ఇది. పక్కింటి అమ్మాయితో పోల్చి సొంతవాళ్లను కించపరిచే హక్కు కుటుంబానిదే గాని యంత్రానిది కాదని నేను అభ్యంతరం చెప్పాను. ఈడువాళ్లతో పోల్చే జడ్-స్కోరు అని మరొకటి ఉందనీ, అందులో ఆమెకు మైనస్ 1.3 మాత్రమే వచ్చిందనీ మా బావమరిది రిపోర్టు రెండో పేజీలో కనిపెట్టి, ఇకపై దాన్నే లెక్కలోకి తీసుకోవాలని ప్రతిపాదించాడు. ముట్లుడిగిన వాళ్ల విషయంలో చూడవలసింది టి-స్కోరేనని డాక్టరుగారు అప్పటికే చెప్పి ఉన్నారు. అయినా క్లాసంతా తప్పినప్పుడు మనం తప్పడం తప్పు కాదన్న సూత్రం మీదే మా కుటుంబంలో రెండు తరాలు చదువుకున్నాయి గనుక, ప్రతిపాదన ఏకగ్రీవంగా నెగ్గింది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఆమెకు నొప్పి లేదు. గుల్లబారిన ఎముక విరిగేదాకా నోరెత్తదనీ, మోకాలు నొప్పి పెట్టేది కీలులో గుజ్జు అరిగినప్పుడనీ, ఆ జబ్బు వేరు ఈ జబ్బు వేరనీ డాక్టరుగారు అన్నారు. నోరెత్తకుండా పని చేసుకుపోయేదాన్ని పట్టించుకోవడం మా ఇంటి సంప్రదాయంలో లేదు. మా బావమరిది మోకాలు అలా కాదు, వీధంతా వినేలా మూలుగుతుంది. అందుకని అతడు ఎవరో పొట్లాల్లో కట్టి ఇచ్చే పేరులేని పొడి వాడుతున్నాడు. మూడు రోజుల్లో నొప్పి మాయమైంది, మూడు నెలల్లో మొహం పున్నమి చంద్రుడిలా నిండింది. అటువంటి పొట్లాల్లో స్టిరాయిడ్ కలిపే అలవాటు ఉందనీ, నెలల తరబడి వాడితే ఎముకను లోలోపల తినేసే మందుల్లో అది ముందు వరసలో ఉంటుందనీ మా అమ్మాయి ఫోనులో చెప్పబోతుండగా సిగ్నలు పోయినట్టు సంఘం భావించింది.

కాల్షియం దగ్గర మాత్రం సంఘం చురుకుగా పనిచేసింది, ఎందుకంటే అది కొనగలిగిన వస్తువు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన స్త్రీలకు 1200 కావాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350, పొట్టు తీయని నువ్వుల్లో వెయ్యికి పైనే ఉంటుంది. ఆడపిల్ల పెద్దమనిషైన రోజున పక్కన కూర్చుని మరీ నువ్వుల చిమ్మిలి తినిపించే ఇళ్లు మనవి. ఎముక కట్టుకునే వయసు అదేనని ఆ ముసలమ్మలకు ఎవరు చెప్పారో తెలియదు. ముట్లుడిగిన తరువాత తొలి ఐదారేళ్లలోనే ఎముకలో అయిదో వంతు దాకా కరిగిపోవచ్చునని డాక్టర్లు చెబుతారు గాని, ఆ సందర్భానికి ఏ ఉండలు పెట్టాలో మన పెద్దలు చెప్పి పోలేదు, పేరంటమూ లేదు. ఇంట్లో పెరుగు పంపిణీని కూడా సంఘం పరిశీలించింది. మీగడ తరక నాకు, గట్టి పెరుగు పిల్లలకు, అడుగున నీళ్లు పోసి తిప్పిన మజ్జిగ ఆమెకు వెళుతున్నట్టు తేలింది. ఈ ఏర్పాటును కదపడం కంటే మాత్రలు కొనడమే మేలని నిర్ణయించాం. ఒక్కసారి 500 మిల్లీగ్రాములకు మించితే ఒంటికి సరిగా పట్టదనీ, కాల్షియం కార్బొనేట్ రకమైతే భోజనంతో వేసుకోవాలనీ చీటీలో రాసి ఉన్నా, మరచిపోకుండా ఉంటుందని రెండు మాత్రలూ కలిపి పొద్దున్నే కాఫీతో మింగించాం.

ఇక ఎండ. మాది బెజవాడ. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో ఉంటూ, ఎండ వల్ల వచ్చే డి-విటమిన్ తక్కువైందంటే గోదావరి గట్టున దాహంతో ఉన్నట్టే. కారణం వెతికితే సూర్యుడి తప్పేమీ కనబడలేదు. తెల్లవారుజామున శాలువా కప్పుకుని ఆమె వాకింగుకు వెళ్లే వేళకు అతడింకా పనిలోకి దిగడు. మన నీడ మన పొడుగుకన్నా పొట్టిగా ఉన్నప్పుడే చర్మం ఆ విటమిన్ బాగా తయారు చేయగలదు. ఆ సమయానికి ఆమె వంటింట్లో ఉంటుంది. బాల్కనీకి అద్దాలు బిగించాం గనుక అక్కడ కూర్చుంటే సరిపోతుందని నేను సూచించాను. పనికొచ్చే కిరణాలను అద్దం ఆపేస్తుందని తరువాత తెలిసింది. కర్టెన్ల రంగు మాత్రం వెలిసిపోయింది. చివరకు వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు 60,000 యూనిట్ల పొడి పాలల్లో కలుపుకుని తాగమన్నారు. మా తోడల్లుడు ఇదే పొడిని బలానికని రెండేళ్లు ఆపకుండా తాగి, రక్తంలో కాల్షియం పెరిగి వాంతులతో ఆసుపత్రిలో చేరాడు. అంత బలం ఎవరికి నిలుస్తుంది!

ఎముక కరగకుండా వారానికోసారి వేసుకునే 70 మిల్లీగ్రాముల అలెండ్రొనేట్ మాత్రను సంఘం మొదట్లో ఆదరించింది, అచ్చం వ్రతంలా ఉన్నందుకు. పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి, అరగంటసేపు పడుకోకుండా, ఏమీ తినకుండా, తాగకుండా నిటారుగా ఉండాలి. అలా చేసినా మింగినదానిలో నూటికి ఒక వంతు కూడా ఒంటబట్టదు, చేయకపోతే ఆహారనాళం పుండు కావచ్చు. సోమవారం ఆ అరగంట ఆమె అలా వరండాలో నిలబడిపోవడంతో నా కాఫీ ఆలస్యమవుతున్నట్టు గుర్తించి, ఏడాదికోసారి సెలైనులా ఎక్కించే, అదే కోవకు చెందిన జోలెడ్రానిక్ ఆమ్లం గురించి విచారించవలసిందిగా నేను కోరాను. ఇంతలో ఈ మందులతో దవడ ఎముక కుళ్లిపోతుందన్న వాట్సాప్ సందేశం మా బావమరిదికి అందింది. గుల్లబారిన ఎముకలకు ఇచ్చే మోతాదులో అది చాలా అరుదట, పళ్ల పని ఏమైనా ఉంటే ముందే చేయించుకోమన్నారు. పడితే తుంటి విరుగుతుందన్న సందేశాన్ని మాత్రం ఇంతవరకు ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

వ్యాయామం ఆమెకు అనవసరమని నేను మొదటి నుంచీ చెబుతున్నాను. పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా నిలబడే ఉంటుంది గదా! ఎముక అలవాటైన బరువును లెక్కచేయదనీ, కొత్తగా, కొంచెం కొంచెంగా పెరిగే బరువు పడితేనే గట్టిపడుతుందనీ ఫిజియోథెరపీ అమ్మాయి వాదించింది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, మెట్లెక్కడం, చేతిలో బరువు పట్టుకుని ఎత్తడం, గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం నేర్పి, నడుము దగ్గర ముందుకు వంగి బరువులెత్తవద్దని, వెన్నుపూసలు అణిగిపోయేది అప్పుడేనని హెచ్చరించి వెళ్లింది. ఆ హెచ్చరికను గౌరవిస్తూ, ఇరవై లీటర్ల మంచినీళ్ల టిన్నును వంగి ఎత్తి స్టాండు మీద పెట్టే పనిని సంఘం బరువుల వ్యాయామం పద్దులోకి మార్చింది. ఆ పని ఎప్పటిలాగే ఆమే చేస్తోంది.

ఏడాదిలో సంఘం అత్యధిక సమయం వెచ్చించింది బాత్‌రూము మీద. అమ్మాయి పెళ్లికి వేయించిన టైల్సు అవి. తడిస్తే మన మొహం మనకు కనబడుతుంది. మందులన్నీ కలిసి చేసేదానికన్నా గోడకు ఒక స్టీలు కడ్డీ, కింద గరుకు టైల్సు, రాత్రిపూట ఒక చిన్న బల్బు ఎక్కువ మేలు చేయవచ్చునని, విరగడానికి ఎముక ఎంత కారణమో పడడమూ అంతే కారణమని డాక్టరుగారు అన్నారు. కడ్డీ ఖరీదు మేము కొన్న ప్రొటీను డబ్బా ఖరీదు కన్నా తక్కువే. కాని కడ్డీ బిగిస్తే ఇల్లు ఆసుపత్రిలా ఉంటుందని, వచ్చేపోయేవాళ్లు ఇంట్లో ముసలివాళ్లున్నారని అనుకుంటారని మా అబ్బాయి బాధపడ్డాడు. ఈశాన్యపు గోడకు ఇనుము బిగించరాదని వాస్తు చూసేవాడు, టైలు పగిలితే తన పూచీ లేదని మేస్త్రి చెప్పారు. ఆషాఢం వచ్చింది. శూన్యమాసంలో గోడ తొలవడమేమిటని వాయిదా వేశాం. శ్రావణంలో కడ్డీ రంగు కుళాయిల రంగుతో కలవాలన్న ప్రశ్న తలెత్తగా, దాన్ని ఉపసంఘానికి నివేదించాం. ఈలోగా ఆమె తువ్వాలు ఆరేసే ప్లాస్టిక్ గొట్టాన్ని పట్టుకుని లోపలికీ బయటికీ నడుస్తోంది.

నిన్నటి సమావేశానికి మా అమ్మాయి స్వయంగా వచ్చింది. వయసులో ఉన్నప్పటి పొడుగు కంటే అంగుళంన్నర తగ్గితే వెన్నుపూస ఏదో చప్పుడు లేకుండా అణిగి ఉండవచ్చునట. అందుకని పిల్లల పొడుగు పెన్సిలుతో గుర్తుపెట్టిన పడకగది గుమ్మం దగ్గర అమ్మను నిలబెట్టి కొలిచింది. అరంగుళం తగ్గింది. అప్పుడు మా ఆవిడ ఏడాదిలో మొదటిసారిగా ఒక ప్రతిపాదన చేసింది: "మీరూ ఒకసారి నిలబడండి." 1996లో మా అబ్బాయిని నవ్వించడానికి నా తల మీదుగా నేనే గీసుకున్న గీత అక్కడే ఉంది. ముప్పై ఏళ్ల సిగరెట్లు, ఆయాసం వచ్చినప్పుడల్లా వేసుకున్న స్టిరాయిడ్ మాత్రలు, గ్యాసుకని రోజూ మింగే మాత్ర, ఇవేవీ ఎజెండాలో లేవు. ఎముకలు గుల్లబారడం ఆడవాళ్ల జబ్బని తొలి సమావేశంలోనే తీర్మానించి ఉన్నాం గనుక, కొత్త గీత పాతదానికి రెండంగుళాలు కిందికి పడినప్పుడు సంఘం తడబడలేదు. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది గనుక గుమ్మం రెండంగుళాలు పెరిగినట్టు మినిట్స్‌లో రాసుకుని, అందరం సంతకాలు చేశాం.