మూడు సగాలు కలిస్తే ఒక ఏడాది

ఇంగ్లండులో ఈటన్ కాలేజీ అని ఒక మగపిల్లల బడి ఉంది. అక్కడ ఏడాదికి మూడు టర్ములు. ఒక్కో టర్మును అక్కడ 'హాఫ్' అంటారు. అంటే మూడు సగాలు కలిస్తే ఒక ఏడాది. ఈ లెక్క మనలాంటివాళ్లు చెబితే మాస్టారు చెవి మెలిపెడతారు. అక్కడ నేర్చుకున్నవాళ్లలో 20 మంది ప్రధానమంత్రులయ్యారు. ఆ దేశపు బడ్జెట్ల గురించి నేనేమీ అనడం లేదు.

ఈ లెక్క తెలియకనే కొందరు ఆ బడి మీద నోరు పారేసుకుంటారు. 1440లో ఆరో హెన్రీ దాన్ని స్థాపించాడు. అప్పటికి రాజుగారికి 19 ఏళ్లు కూడా నిండలేదు. 70 మంది పేద అబ్బాయిలకు ఉచితంగా చదువు చెప్పించాలని ఆయన కోరిక. ఇప్పుడక్కడ 1,300 మందికి పైగా చదువుతున్నారు, ఏడాది ఫీజు 63 వేల పౌండ్లు దాటింది. ఇదేం అన్యాయమని గొడవ! అయ్యా, మూడు సగాలు ఒకటైన చోట పేదవాడంటే ఎవరో మనమెలా తేలుస్తాం?

పైగా మాట తప్పిందెక్కడ? స్కాలర్లు ఇప్పటికీ 70 మందే. పోటీ పరీక్ష నెగ్గి, గౌను వేసుకుని తిరుగుతారు. అంకె చెక్కుచెదరలేదు. 'పేద' అన్న మాట ఒక్కటే రాలిపోయింది. దాదాపు 600 ఏళ్ల కట్టడంలో ఆ మాత్రం పెచ్చులూడవా? (కొందరికి పూర్తిగా ఫీజు మాఫీ చేస్తున్నారు లెండి. ఆ మాట చెప్పకపోతే నాకు పాపం.) పేరుకేమో పబ్లిక్ స్కూలు, కాగితాల మీద ధర్మసంస్థ. అలాంటి చోట ఫీజుల మీద 2025 జనవరి నుంచి 20 శాతం వ్యాట్ వేశారు. ధర్మం మీద పన్ను! కలికాలం కాకపోతే ఏమిటి?

అక్కడ 'ఫోర్త్ ఆఫ్ జూన్' అని ఒక వేడుక ఉంది. 1820లో పోయిన మూడో జార్జి రాజు పుట్టినరోజు. దాన్ని మాత్రం జూన్ 4న చేయరు, మామూలుగా మే నెలాఖరుకే కానిచ్చేస్తారు. ఆరోజు కుర్రాళ్లు పూలు కుట్టిన గడ్డి టోపీలు పెట్టుకుని థేమ్స్ నదిలో పడవలెక్కుతారు. దబ్బనంలా సన్నటి పడవ. అందులో తెడ్లు నిటారుగా ఎత్తిపట్టి, ఒక్కొక్కరే లేచి నిలబడి, టోపీలు దులిపి పూలు నీళ్లలో రాలుస్తారు. ఒడ్డున తల్లిదండ్రులు ఊపిరి బిగబట్టి చూస్తుంటారు, ఎక్కడ మునుగుతుందోనని. మునిగితే బాగుండునని చూసేవాళ్లూ ఉంటారు.

'వాల్ గేమ్' అని అక్కడో గోడ పక్కన బంతాట ఉంది, దాని ముందు ఇదెంత! 1717లో కట్టిన ఇటుకల గోడ, దాని పక్కన సుమారు 5 మీటర్ల వెడల్పు, 110 మీటర్ల పొడవు బురద నేల. ఒక చివర గోల్ తోట తలుపు, రెండో చివర గోల్ చెట్టు. నడుమ కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు కుప్పగా పడి, గోడకేసి మొహాలు రాసుకుంటూ మూలుగుతుంటారు. బంతి ఆ కుప్ప అడుగున ఎక్కడో ఉంటుంది. ఏటా సెయింట్ ఆండ్రూస్ డే అనే పండుగకి ఆ 70 మంది స్కాలర్లకూ మిగతావాళ్లకూ పెద్ద మ్యాచ్. అందులో ఆఖరుసారి గోల్ పడింది 1909లో. ఆ తర్వాత రెండు ప్రపంచ యుద్ధాలు మొదలై ముగిశాయి, సామ్రాజ్యమే ముగిసిపోయింది. గోల్ మాత్రం పడలేదు. టెన్షన్ ఎవరికీ లేదు.

వదిలేసిన ఆచారాలూ ఉన్నాయి. చిన్నవాళ్లు పెద్దవాళ్లకు ఊడిగం చేసే 'ఫాగింగ్' పోయింది, బెత్తం పోయింది. 'మాంటెమ్' పోయినందుకే నా బాధ. విద్యార్థులు ఊరేగింపుగా వెళ్లి, దారినపోయేవాళ్లను ఆపి, చిటికెడు ఉప్పు చేతిలో పెట్టి డబ్బు వసూలు చేసేవారు. 1847లో దాన్ని రద్దు చేశారు. అప్పట్లో డబ్బిచ్చినవాడికి ఉప్పన్నా దక్కేది. ఇప్పుడు వసూలుంది, ఉప్పే లేదు.

పాపం హెన్రీకి 1461లో సింహాసనం పోయింది. తలపెట్టిన చర్చి సగంలో ఆగింది (ఏ సగమో అడక్కండి). 1471 మే 21 రాత్రి లండన్ టవర్‌లో ఆయన్ని చంపేశారు. ఏటా ఆ రోజున ఈటన్ తరఫున ఆ చోట లిల్లీ పూలు పెడతారు. ఫీజు రసీదు మాత్రం పక్కన పెట్టరు. మర్యాద తెలిసినవాళ్లు.