భీమిలి దిబ్బల మీద పొక్లెయిన్లా?

విశాఖ తీరాన వైసీపీ ప్రభుత్వం రుషికొండను తొలిచి కట్టిన భవనాల తలుపులు తెరిపించి, కొండను ఎంత నిర్దయగా చెరిచారో చూడండని 2024 జూన్‌లో రాష్ట్రానికంతటికీ చూపించినవారి ఏలుబడిలోనే, ఆ మరుసటి నెలలో, అదే తీరం వెంట భీమిలి దగ్గర నేరెళ్లవలస వద్ద ఎర్రమట్టి దిబ్బల మీదికి ఒక గృహనిర్మాణ సహకార సంఘం లేఅవుటు కోసం పొక్లెయిన్లు దిగాయి. గగ్గోలు పుట్టాక పనులు ఆపించామని అధికారులు అన్నారు. ఆపినందుకు సంతోషమే గానీ, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటికి యంత్రాలు ఎవరి భరోసాతో వచ్చాయో ముందు తేలాలి.

చివరి మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలులు తెచ్చి మేటవేయగా, వేల ఏళ్లలో అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబారగా ఏర్పడినవి ఈ దిబ్బలు. దక్షిణాసియాలో ఇటువంటివి మళ్లీ తమిళనాడు తీరంలోనూ శ్రీలంకలోనూ మాత్రమే కనిపిస్తాయి. దిబ్బ అంచును వేలితో గీకితే చాలు, ఇసుక జలజలా రాలుతుంది. రేణువులను పట్టి ఉంచేది కాసింత బంకమన్నే, ఆ పైన పొదల వేళ్లు. వాటిని యంత్రంతో గీకేసి చదును చేస్తే మిగిలిన పనిని నాలుగు వానలు పూర్తిచేస్తాయి. గెడ్డలు, అంటే వాగులు, కోసిన లోయల్లో పొరలు వరుస చెడకుండా కనిపిస్తాయి కనుకనే శాస్త్రజ్ఞులు వాటిలో నాటి సముద్రమట్టాన్నీ వాతావరణాన్నీ చదవగలుగుతున్నారు. తవ్వి తీసిన మట్టిని తిరిగి అక్కడే పోసినా ఆ వరుస రాదు.

భీమిలి నిన్న మొన్న లేఅవుట్లతో పుట్టిన శివారు కాదు. గోస్తని సముద్రంలో కలిసేచోట డచ్చివారు వర్తక స్థావరం పెట్టుకున్న రేవు ఇది. వారి శ్మశానంలోని పిరమిడ్ ఆకారపు సమాధులు నేటికీ ఉన్నాయి. ఊరి వెనుక పావురాళ్లకొండ మీద బౌద్ధుల ఆనవాళ్లున్నాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పట్టణం, దేశంలోని తొలి పురపాలక సంఘాల్లో ఒకటి. 1933లో విశాఖ హార్బరు తెరుచుకున్నాక ఓడల రాకపోకల్లో వెనుకబడినా, ఆ మందకొడితనమే ఊరికి మేలు చేసింది. పాత వీధులు, వేటపడవలు, దిబ్బలు నిలిచాయి. ఇప్పుడు విశాఖ పెరిగి పెరిగి బీచ్ రోడ్డు మీదుగా భీమిలిని అందుకుంది. మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయిన భీమిలికి తన మంచిచెడ్డలు తానే తేల్చుకునే పురపాలక సంఘం లేదు. కనుక కాపాడవలసిన బాధ్యత విశాఖలో కూర్చున్నవారిదే.

దశాబ్దాల కిందట ఇళ్లస్థలాల కోసం డబ్బు కట్టిన ఆ సహకార సంఘం సభ్యుల గోడు న్యాయమైనదే కావచ్చు. వారికి మరోచోట స్థలం చూపవచ్చు. దిబ్బలకు మరోచోటు లేదు. ఈ ఒక్క లేఅవుటును సాగనిస్తే, పక్క సర్వే నంబరు వారు దీన్నే చూపి అడుగుతారు, ఆ తరువాతివారు ఆ ఇద్దరినీ చూపుతారు. అప్పుడు కాదనడానికి ఏ అధికారికీ నోరు లేవదు. రుషికొండ విషయంలోనూ, ఉన్న రిసార్టు స్థానంలో కొత్త కట్టడమే కదా అన్న మాటతో మొదలై, పరిధి దాటి తవ్వారన్న అభియోగం హైకోర్టు దాకా వెళ్లింది. ఆ ఒరవడిని నిన్న తప్పుపట్టినవారు ఈ దిబ్బల దగ్గర దానికే దారి ఇవ్వరాదు.

అనుమతి మీ హయాంలోదంటే మీ హయాంలోదని పార్టీలు కొట్లాడుకున్నాయి. ఎవరిదైతేనేం, కాగితం పాతదైతే రద్దు చేసే అధికారం నేటి ప్రభుత్వానిదే. దిబ్బలకు సర్వే చేయించి హద్దురాళ్లు నాటాలి. చుట్టూ ఎంత దూరం నిర్మాణాలు నిషిద్ధమో ఊరి సచివాలయం గోడ మీద పటం వేలాడదీయాలి. చదును చేయడానికి నోటిమాటగానైనా సరే, రాతపూర్వకంగానైనా సరే అనుమతి ఇచ్చినవారి పేర్లు బయటపెట్టాలి. పర్యాటక కరపత్రాల మీద దిబ్బల బొమ్మ వేసుకునే శాఖలు, పొక్లెయిను వచ్చిన రోజున ఏం చేస్తున్నాయో చెప్పాలి. రుషికొండ మీద నిలబడి పర్యావరణం గురించి అంత గట్టిగా మాట్లాడిన నాయకులు ఇక్కడ గొంతు సవరించుకోవడం దగ్గరే ఆగిపోతే, నాటి ఆగ్రహం కొండ కోసం కాదని, ఎదుటి పార్టీ మీద కక్షేనని భీమిలి జనం అనుకోవలసి వస్తుంది.