ఆ మగ్గం ఫొటో కూడా పక్కనే పెట్టండి

అమెరికన్ ఫొటోగ్రాఫర్ తిమోతీ ఓసల్లివన్ 1873లో అరిజోనాలోని కాన్యన్ డి షే అనే లోయలో తీసిన ఫొటో తెలుసుగా, ఫొటోగ్రఫీ చరిత్ర పుస్తకాల్లో తరచూ కనబడేది. ఫ్రేమంతా చారలు చారలుగా కొండగోడ, దాని గూట్లో దాదాపు వెయ్యేళ్ల నాటి రాతి ఇళ్లు, కళ్లు చికిలించి చూస్తే అక్కడ నిలబడ్డ మనుషులు. అదిరిపోయే ఫొటో, కాదనను. నా గొడవంతా దాన్ని మ్యూజియం గోడకి ఎక్కించిన తీరు మీదే.

అది ఆర్ట్ గ్యాలరీ కోసం తీసింది కాదండీ బాబూ. అమెరికా సైన్యంలోని లెఫ్టినెంట్ వీలర్ నడిపిన పడమటి ప్రాంతాల సర్వే కోసం తీసింది, అంటే ఖర్చు యుద్ధ శాఖది, అవసరం సైన్యానికి కావాల్సిన మ్యాపులది. ప్రింటు అతికించిన అట్ట మీద ఆ శాఖ పేరే అచ్చేసి ఉంటుంది. ఓసల్లివన్ 1882లో క్షయతో పోయాడు, ఫొటోలు ప్రభుత్వ ఆల్బమ్‌లలో ఉండిపోయాయి. తర్వాత ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ తన దగ్గరున్న ఆల్బమ్‌ని ఫొటోగ్రఫీ చరిత్రకారుడు బోమాంట్ న్యూహాల్‌కి చూపించడం, 1942లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ అమెరికా అంతర్యుద్ధం ఫొటోలనీ పడమటి సరిహద్దు ఫొటోలనీ కలిపి ఎగ్జిబిషన్ పెట్టడం, అక్కడి నుంచి సర్వే ఉద్యోగి కాస్తా ఆధునిక కళాకారుడు అయిపోయాడు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగి అప్పటికి కొన్ని నెలలే, దేశానికి ఘనమైన గతం కావాల్సిన టైమ్ మరి!

ఇప్పుడు ఆ ఫొటో గురించి రాసేవాళ్లు "నిశ్శబ్దం", "కాలాతీతం", "మనిషి అడుగు పడని ప్రకృతి" అని తన్మయత్వంలో పడిపోతుంటే నాకు ఒళ్లు మండుతుంది. 1864లో అమెరికా సైన్యాధికారి కిట్ కార్సన్ దళం ఇదే లోయలోకి దిగి అక్కడి ఆదివాసీలైన నవాహోల ఇళ్లు, పంటలు తగలబెట్టింది, పీచ్ తోటలు నరికించింది, ఆకలికి తాళలేక లొంగిపోయినవాళ్లని వందల మైళ్లు నడిపించి న్యూ మెక్సికోలోని బోస్కె రెడోండో నిర్బంధ శిబిరానికి తోలింది. దారిలో ఎంతమంది పోయారో. అమెరికా ప్రభుత్వంతో 1868లో కుదిరిన ఒప్పందం తర్వాతే తిరిగొచ్చారు. అంటే కెమెరా అక్కడికి చేరేసరికి వాళ్లు ఇంటికొచ్చి ఐదేళ్లే.

పైగా అదే ఏడాది ఓసల్లివన్ ఫోర్ట్ డిఫయన్స్ దగ్గర నవాహో కుటుంబాన్ని కూడా ఫొటో తీశాడు, పందిరి కింద నిలబెట్టిన మగ్గంతో సహా. మనుషులు ఆయనకి కనబడ్డారు, ఆయన కెమెరాలోని గాజు నెగటివ్ మీదా పడ్డారు! మరి పేరు మోసిందేమో కొండ ఒక్కటే.

నేను తిరగేసిన క్యాటలాగ్‌లలో ఈ రెండూ ఒకే పేజీలో ఎక్కడా తగల్లేదు. లేబుల్ మీద పేరు, ఏడాది, "ఆల్బుమెన్ ప్రింట్" (అంటే గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసిన ఫొటో) అని రాసి వదిలేస్తే ఎలా? రెండూ ఒకే గోడ మీద పెట్టండి, యుద్ధ శాఖ పేరున్న ఆ అట్టని ఫ్రేమ్ వెనక దాచకండి. చోటు లేదంటే మాత్రం నమ్మను, ఈ ప్రింట్లు ఒక్కోటీ మన నోట్‌బుక్ కాగితమంత ఉంటాయి అంతే.