హాలుకు తాళం వేసి కాపురాలు నిలబెట్టమంటారా?

ఇప్పుడే ఇంటికొచ్చాను. చెప్పులు విప్పి నేరుగా ఫోన్ పట్టుకున్నాను. రేపు పొద్దున్నే పనుల్లో పడితే ఈ మంట చల్లారిపోతుందేమోనని భయం.

చెన్నై వ్యాసర్‌పాడిలో మా వీధి చివర ఒక కమ్యూనిటీ హాలుంది. నెలకో ఆదివారం సాయంత్రం అక్కడ భార్యాభర్తల్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తాం. మాది పెద్ద సంస్థేం కాదు. మా తెలుగు చర్చి ఆడవాళ్లం నలుగురం, అమ్మవారి గుడి దగ్గర పూలమ్మే అక్క, మసీదు వీధిలో టైలర్ భాయ్, అంతే. మూడు వారాల ముందే చెప్పి డబ్బు కట్టాం. ఇవాళ ఆరింటికి వెళ్తే తాళం! ఎవరో నాయకుడి పుట్టినరోజుకి లోపల కుర్చీలు పేర్చారట. తాళంచెవి దగ్గరుండే మనిషికి ఫోన్ చేస్తే, "ఇంకో రోజు పెట్టుకోండమ్మా, మీదేమన్నా పెళ్లా, సీమంతమా?" అన్నాడు.

పెళ్లికైతే ఇస్తారన్నమాట. పెళ్లయి పదేళ్లకి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేస్తే, వాళ్లని గంటసేపు కూర్చోబెట్టడానికి మాత్రం ఇవ్వరు.

ఆరు జంటలు మెట్ల మీద నిలబడ్డాయి. అందులో పెయింటింగ్ పనికెళ్లే ఒక తమ్ముడున్నాడు. అతనూ పెళ్లామూ నాలుగు నెలలుగా పిల్లాడి ద్వారానే మాట్లాడుకుంటున్నారు. "మీ నాన్నని అన్నానికి రమ్మను", "మీ అమ్మని కరెంటు బిల్లు ఎక్కడ పెట్టిందో అడుగు". ఏడేళ్ల పిల్లాడు మధ్యలో పోస్ట్‌మ్యాన్‌లా తిరుగుతున్నాడు. ఈ తమ్ముణ్ణి రప్పించడానికి భాయ్ మూడుసార్లు వాళ్లింటికి వెళ్లాడు. ఇవాళ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, గోళ్ల చుట్టూ తెల్ల పెయింటు ఇంకా పోలేదు. తాళం వైపు చూస్తూ పావుగంట నిలబడ్డాడు. "సరే అక్కా, వస్తా" అని బయల్దేరాడు, ఇంటివైపు కాదు. అతను మలుపు తిరిగేదాకా ఆ అమ్మాయి చూసింది. అందరికీ పెడదామని తెచ్చిన మురుకుల డబ్బా నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ మలుపులో ఏముందో మా ఏరియాలో అందరికీ తెలుసు. టాస్మాక్ మందు షాపు. 2003 నుంచి తమిళనాడులో మందు షాపులు సర్కారే నడుపుతోంది. పగలు 12కి తెరిస్తే రాత్రి 10 దాకా అతని కోసం అక్కడ తలుపు తీసే ఉంటుంది. మా హాలుకే తాళం.

కాపురాలు కూలిపోతున్నాయని మైకుల్లో బాధపడే వాళ్లందర్నీ అడుగుతున్నాను, మేం అడిగింది ఏమిటి? ఒక గది, రెండు ఫ్యాన్లు, ఒక చాప. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టమే ముందు రాజీకి ప్రయత్నించమంటుంది, సంక్షేమ సంస్థల సాయం తీసుకోవచ్చంటుంది. కోర్టు మెట్లెక్కాక ఆ ప్రయత్నం చేసేకంటే వీధి చివరే చేస్తే ఎంత మేలు! మా వాళ్లకి ఇల్లంటే ఒకటే గది. అత్తగారు ఆ మూల, పిల్లలు ఈ మూల. మొగుడూ పెళ్లాం గొంతు తగ్గించి పోట్లాడుకోవడానికి కూడా చోటు లేదు. వడ్డీవాడొచ్చి గుమ్మంలో అరిస్తే ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినరు. ఇంకా ఘోరం, కాలవ గట్టు వాళ్లని ఖాళీ చేయించి పెరుంబాక్కం పంపేశారు. మొగుడి పని ఇక్కడ, కాపురం ఊరవతల. వారానికోసారి వచ్చే మనిషితో ఏం కాపురం?

మాది నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం కాబట్టి నాకెప్పుడూ దూబగుంట గుర్తొస్తుంది. ఆ ఊరి ఆడవాళ్లు సారా మీద తిరగబడింది అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న చోటునుంచే. రాత్రిపూట నలుగురూ ఒకచోట చేరే వీలు దొరికింది కాబట్టే ఒకరి ఏడుపు ఇంకొకరికి తెలిసింది. 1993లో ఆంధ్రలో సారా నిషేధం వచ్చిందంటే దాని వెనక ఆ కూర్చోవడం ఉంది.

మరి చర్చిలో పెట్టుకోవచ్చుగా అని అడుగుతారు. పెట్టుకోం. నా కోపం హాలు మీదే అనుకున్నాను గానీ, రాస్తుంటే అసలుది పైకొస్తోంది. నాకు పదేళ్లప్పుడు మా పిన్ని చేతికి కట్టుతో చర్చికి వచ్చింది. పెద్దలు ప్రార్థన చేసి, "సహించమ్మా, నీ ఓర్పే అతన్ని మారుస్తుంది" అని ఆ రాత్రే వెనక్కి పంపారు. పంపిన వాళ్లలో మా అమ్మ కూడా ఉంది. పిన్ని రిక్షా ఎక్కి నావైపు చూసిన చూపు ఈ రోజుకీ మర్చిపోలేదు. గుడి దగ్గర అక్కకీ అలాంటి కథే ఉంది, భాయ్ చెల్లెలికీ ఉంది. "సర్దుకుపో" అన్న మాటకి మతం లేదు.

అందుకే ఎవరిదీ కాని హాలు కావాలన్నాం. అక్కడ మొదటి రోజే చెప్పేస్తాం, చెయ్యి లేస్తే ఇక రాజీ మాట ఉండదని. 2005 గృహహింస చట్టం ప్రకారం ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకుందని, ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యొచ్చని మగవాళ్ల ముందే చదువుతాం. పెద్దరికం చేసే ప్రతి పాస్టరుకీ, పూజారికీ, హజరత్‌కీ ఈ మాత్రం నేర్పించే ఏర్పాటు ఎవరైనా చేయండి. బ్యానర్లు అక్కర్లేదు.

ఈ చుట్టుపక్కల ఎవరికైనా మేడ మీద ఖాళీ జాగా ఉంటే చెప్పండి. ఆదివారం రెండు గంటలు చాలు. అద్దె ఇస్తాం.

మురుకుల డబ్బా నా ముందే ఉంది. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదు కదా, రాత్రికే కాసిన్ని సున్నుండలు చుడతాను. అతను పొద్దున ఏడింటికి పనికి బయల్దేరతాడు. అంతకుముందే వెళ్తే ఇద్దరూ ఇంట్లోనే ఉంటారు.