బ్రౌజరు ఉపాధి హామీ పథకం

గ్రామీణ పేదలకు ఏడాదికి నూరు రోజుల పని చూపిస్తామని కేంద్ర ప్రభుత్వం 2005లో చట్టం చేసినప్పుడు, అంతకంటే ఉదారమైన పథకం ఒకటి అప్పటికే దేశంలో అమలవుతున్న సంగతి పార్లమెంటు దృష్టికి రాలేదు. ఆ పథకానికి చట్టం లేదు, బడ్జెట్ లేదు, మస్టరు రోలు అసలే లేదు. బ్రౌజర్లు తయారుచేసే నాలుగు కంపెనీలు ఎక్కడో అమెరికాలో ఉండి, తిరుపతి రైల్వే స్టేషన్ ఎదుటి లాడ్జీలకూ, అలిపిరి దారిలోని ట్రావెల్స్ వాళ్లకూ, చిత్తూరు మామిడి గుజ్జు పరిశ్రమలకూ వెబ్‌సైట్లు కట్టి బతికే మన కుర్రాళ్లకు ఏడాది పొడుగునా చేతినిండా పని కల్పిస్తున్నాయి. అయితే ఆ పనికి కూలి ఎవరివ్వాలన్నది మాత్రం నేటికీ తేలలేదు. ఆ ఒక్క లోపాన్నీ సవరించాలని సంబంధిత అధికారులకు, వారెవరైనా సరే, సవినయంగా విన్నవించుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పథకానికి మూలమైన సూత్రాన్ని ముందుగా గ్రహించాలి. ఎవరో ముట్టుకుంటేనే వెబ్‌సైటు పాడవుతుందని లోకం నమ్మకం. ఎవరూ ముట్టుకోకపోవడం వల్లనే అది పాడవుతుందన్నది వాస్తవం. ఈ వాస్తవాన్ని లాడ్జీ ఓనరుకు ఫోనులో వివరించడం ఎంత కష్టమో అనుభవించిన వారికే తెలుస్తుంది.

“ఏమబ్బా, మేమేం ముట్టుకోలేదే. నిన్నటిదాకా బాగానే ఉండింది గదా?”

“మీరూ ముట్టుకోలేదు, నేనూ ముట్టుకోలేదన్నా. క్రోమ్ మారింది.”

“క్రోమ్ మారితే క్రోమ్ వాళ్లను అడుగు. దుడ్లు నన్నెందుకు అడగతా ఉండావు?”

ఈ ప్రశ్నకు కంప్యూటర్ శాస్త్రంలో ఇంతవరకూ జవాబు లేదు. 2018 జూలైలో క్రోమ్ 68 వచ్చి, సమాచారాన్ని రహస్య లిపిలో పంపే హెచ్‌టీటీపీఎస్ పద్ధతి లేని ప్రతి సైటు పేరు పక్కనా ‘సురక్షితం కాదు’ అని రాసిపెట్టినప్పుడు, గది బుక్ చేసుకోబోయిన భక్తులు నేరుగా లాడ్జీకే ఫోన్ చేసి అక్కడ దొంగల భయమేమైనా ఉందా అని అడిగారు. పోలీస్ స్టేషన్‌కు రెండిళ్ల అవతల లాడ్జీ నడుపుతున్న పెద్దమనిషికి అంతకు మించిన అవమానం ఉంటుందా? ఆ పద్ధతికి కావలసిన ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ తెచ్చి ఆ మచ్చను చెరిపేశారనుకోండి, ఆ సర్టిఫికెట్‌కూ ఆయుర్దాయం ఉంది. 2020 సెప్టెంబరు నుంచి దాని గరిష్ఠ కాలపరిమితి 398 రోజులు. ఆ గడువు చాలా ఎక్కువైపోయిందని కంపెనీలన్నీ కలిసి 2025 ఏప్రిల్‌లో తీర్మానించి, 2026 మార్చి నుంచి 200 రోజులకు, 2027 మార్చి నుంచి 100 రోజులకు, 2029 మార్చి నుంచి 47 రోజులకు దాన్ని కుదించాయి. ఈ మార్పిడిని యంత్రమే చేసుకునే ఏర్పాటు ఉన్నమాట నిజమే గానీ, సైటును ఉంచడానికి ఎప్పుడో చవకగా దొరికిందని కొన్న హోస్టింగులో ఆ సదుపాయం ఉండదు. కొత్త హోస్టింగుకు మారదామంటే పాస్‌వర్డు ఓనరుగారి బావమరిది దగ్గర ఉంటుంది, ఆయన దుబాయిలో ఉంటారు.

ఇక వెబ్ పేజీల్లో బొమ్మలను ఆడించే అడోబీ వారి ఫ్లాష్ విషయానికి వద్దాం. ఒకప్పుడు తిరుపతిలో పేరున్న ప్రతి లాడ్జీ సైటుకూ ఒక ఫ్లాష్ ముఖద్వారం ఉండేది. నల్లని తెర మీద ఏడు కొండలూ ఒక్కొక్కటిగా లేచి నిలబడేవి, నాదస్వరం మోగేది, ఏడో కొండ మీద దీపం వెలిగాక లాడ్జీ పేరు బంగారు అక్షరాలతో తిరుగుతూ వచ్చేది. ఆ కొండలను లేపడానికి రాత్రులు మేలుకొన్న కుర్రాళ్లు నాకు తెలుసు. ఐఫోన్‌లో ఫ్లాష్‌కు చోటు లేదని 2010లో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాశారు. 2020 డిసెంబరు 31న అడోబీ దాని మద్దతును ఆపేసి, 2021 జనవరి 12 నుంచి నడవకుండా అడ్డం కూడా పెట్టింది. ముందుచూపున్న కుర్రాళ్లు అంతకుముందే ఆ కొండలను జేక్వెరీ అనే కోడు సరంజామాలోకి దించి, అదీ పాతబడిందని విని గూగుల్ వారి యాంగ్యులర్‌జేఎస్‌లోకి ఎక్కించారు. 2016లో యాంగ్యులర్ రెండో వెర్షన్ వచ్చింది. పేరు తప్ప తక్కినదంతా వేరు కావడంతో, మొదటిదానిలో రాసినదాన్ని రెండోదానిలోకి మార్చడమంటే మొదటి నుంచి మళ్లీ రాయడమేనని తేలింది. మొదటిదానికి 2021 డిసెంబరుతో మద్దతు ఆగిపోయింది. కొండలు అవే ఏడు, వాటిని లేపడానికి పట్టిన పనిదినాలు మాత్రం లెక్కకు అందవు.

తెలుగువాళ్లకు ఈ పథకంలో ప్రత్యేక కోటా కూడా దక్కింది. అన్ని భాషల అక్షరాలకూ ఒకే సంకేత పద్ధతి అయిన యూనికోడ్ వాడుకలోకి రాకముందు ఒక్కో తెలుగు సైటుకు ఒక్కో సొంత ఫాంటు ఉండేది. మైక్రోసాఫ్ట్ వారి పాత బ్రౌజరు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెలుగుగా కనిపించిన పేజీ మరో బ్రౌజరులో ఏ భాషకూ చెందని పిచ్చి గీతలుగా కనిపించేది. తర్వాత యూనికోడ్ రాగానే ఆ రాతలన్నిటినీ మళ్లీ టైపు చేయడమో, మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఊడిపోయిన వత్తులను ఏరి అతికించడమో చేయాల్సి వచ్చింది. ఇంగ్లీషు సైట్లు కట్టుకునేవారికి ఈ భాగ్యం లేదు.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2022 జూన్ 15న పదవీ విరమణ చేసినప్పుడు డెవలపర్లు మిఠాయిలు పంచుకున్నారు. అది తొందరపాటు. టెండర్లు వేసే కాంట్రాక్టర్ల దగ్గర, ఎక్స్‌ప్లోరర్‌లో నడిచే డిజిటల్ సంతకం కోసం భద్రంగా దాచిన పాత లాప్‌టాప్‌లు ఈ జిల్లాలో ఎన్నో ఉన్నాయి. వాటిని అప్‌డేట్ చేయడం ఆ ఇళ్లలో నిషిద్ధం. అలాంటివారి కోసం మైక్రోసాఫ్ట్ తన ఎడ్జ్ బ్రౌజరులో ఎక్స్‌ప్లోరర్ మోడ్ అని ఒక గది కేటాయించి, కనీసం 2029 దాకా ఉంచుతామని మాట ఇచ్చింది. 2029 దాకా పాత బ్రౌజరును బతికించే పరిశ్రమే, 2029 నుంచి కొత్త సర్టిఫికెట్‌ను 47 రోజులకు మించి బతకనివ్వనంటోంది. ఇంతటి సమదృష్టి మన ప్రభుత్వ శాఖల్లో కూడా అరుదు.

గుంత తవ్వించి, దాన్నే పూడ్పించి, రెండింటికీ హాజరు వేసే పద్ధతి కూడా ఈ పథకంలో ఉంది. మనం చూసే సైటు కాక వేరే సంస్థలు మన బ్రౌజరులో దాచే థర్డ్ పార్టీ కుకీలను రెండేళ్లలో తీసేస్తామని గూగుల్ 2020 జనవరిలో ప్రకటించింది. డెవలపర్లు సిద్ధపడ్డారు, గడువు జరిగింది. మళ్లీ సిద్ధపడ్డారు, మళ్లీ జరిగింది. చివరకు 2024 జూలైలో ఆ ఆలోచననే విరమించుకుంటున్నామని ఆ సంస్థ తెలిపింది.

ఇంత పని జరిగాక కూలి ఎవరి దగ్గర వసూలు చేయాలి? బాధ్యుడైన బ్రౌజరును పట్టుకొని అడుగుదామంటే, అది తన పేరు నిజంగా చెప్పదు. సైటును పంపే సర్వరు ‘నువ్వెవరు’ అంటే క్రోమ్, ప్రవర చెప్పుకొన్నట్లుగా, ఇతర బ్రౌజర్ల, వాటి ఇంజన్ల పేర్లన్నీ కలిపి, మోజిల్లా అని మొదలుపెట్టి, ఆపిల్ వెబ్‌కిట్ అని, గెకోలాంటిదాన్నని, మధ్యలో క్రోమ్ అనీ చెప్పుకొని, చివర సఫారీ అని ముగిస్తుంది. ఇన్ని గోత్రాలున్నవాడి మీద ఏ కోర్టులో దావా వేయగలం? మిగిలినవాడు లాడ్జీ ఓనరు ఒక్కడే, ఆయన వాదన ముందే విన్నాం.

ఆయన పక్షాన ఒక సాక్ష్యం కూడా ఉంది. మొదటి సైటు కట్టిన రోజు నుంచీ ఆయన కోరింది ఒక్కటే: ‘భక్తులకు ఏసీ గదులు కలవు’ అన్న మాటలు తెర మీద కుడి నుంచి ఎడమకు పరిగెత్తుతూ ఉండాలి. అది మార్కీ అనే పాతకాలపు ట్యాగ్ అనీ, చదువుకున్నవాళ్లెవరూ వాడరనీ కుర్రాడు ప్రతిసారీ చెప్పి చూశాడు. దాన్ని ఎవరూ వాడరాదని, వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనూ రాసి ఉంది. అదే ప్రమాణంలో, ఎవరైనా వాడితే బ్రౌజరు దాన్ని ఎలా నడపాలో వివరంగా కూడా రాసి ఉంది. అక్షరాలు మిణుకుమిణుకుమనే బ్లింక్‌ను ఫైర్‌ఫాక్స్ 2013లో తీసేసింది గానీ, మార్కీ జోలికి ఏ బ్రౌజరూ పోలేదు. మొన్న కొత్త సైటు చూపించి బిల్లు చేతికిచ్చినప్పుడు, ఓనరు ఆ పరిగెత్తే అక్షరాల వైపే కాసేపు చూసి కళ్లజోడు తీశాడు.

“నువ్వు చెప్పినవన్నీ పోయినాయి. నేను చెప్పిందొక్కటే ఇంకా ఆడతా ఉండాది. ఇప్పుడు చెప్పు, దుడ్లు నేను నీకియ్యల్లా, నువ్వు నాకియ్యల్లా?”