రెస్యూమ్‌లో రిటర్న్ 0 రాసినవాళ్ళని ఏమీ అనకండి

ఫ్లాష్ మెమరీని నడిపే డ్రైవర్ కోడ్ తెరిచి, సిస్టమ్ నిద్రలేచినప్పుడు నడిచే రెస్యూమ్ ఫంక్షన్ దగ్గరికెళ్తే కొన్నిసార్లు లోపల ఒకే ఒక్క లైన్ కనపడుతుంది, రిటర్న్ 0, అంటే ఏమీ చేయకుండానే అంతా బాగుందని చెప్పేయడం. రివ్యూలో అందరూ దాని మీద పడిపోతారు, బద్ధకం అంటారు, బాధ్యత లేదంటారు. అలాంటివి నేనూ కొన్ని రాశా కాబట్టి బాగా ఆలోచించే చెప్తున్నా, అది బద్ధకం కాదండీ, హార్డ్‌వేర్ మీద నమ్మకం. అంత నమ్మకం సొంత అన్నదమ్ముల మీద కూడా ఎవరూ పెట్టరు.

అసలు సంగతేంటంటే, సిస్టమ్‌ని సస్పెండ్ టు ర్యామ్‌కి, అంటే ర్యామ్‌ని మాత్రం నిలిపి ఉంచే నిద్రకి పంపితే ర్యామ్ సెల్ఫ్ రిఫ్రెష్‌లో తన డేటాని తనే కాపాడుకుంటూ తన బతుకు తను బతుకుతుంది, ఫ్లాష్ కంట్రోలర్ ఉన్న పవర్ డొమైన్‌కి (చిప్‌లో విడిగా కరెంట్ తీయగల భాగానికి) మాత్రం చాలా చిప్స్‌లో కరెంట్ పూర్తిగా పీకేస్తారు. కంట్రోలర్ సెట్టింగులు దాచే రిజిస్టర్లు, అంటే టైమింగ్, ఈసీసీ (డేటాలో తప్పుల్ని సరిదిద్దే కోడ్), పేజీ సైజు, ఏ ఇంటరప్ట్‌లు (పని అయిందని చెప్పే సిగ్నళ్ళు) రావాలో చెప్పే మాస్క్, అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. డ్రైవర్ దాచుకున్న లెక్కలు మాత్రం ర్యామ్‌లో భద్రంగా ఉన్నాయి కాబట్టి డ్రైవర్ దృష్టిలో అసలేమీ జరగలేదు, పడుకునేముందు ఆపిన మాటే మళ్ళీ అందుకుంటాడు. రీడ్ కమాండ్ ఇస్తాడు, ఇంటరప్ట్ వస్తుందని గుమ్మంలో కూర్చుంటాడు, ఆ ఇంటరప్ట్‌ని ఆన్ చేసే బిట్టే పోయిందని చెప్పే దిక్కుండదు. చివరికి మైనస్ 110, అంటే టైమౌట్.

ఇందులో తప్పెవరిది? మర్చిపోయినవాడిది కదా. గుర్తు చేయనివాడిది ఎలా అవుతుంది?

పైగా రిటర్న్ 0 టెస్టుల్లో శుభ్రంగా పాసవుతుంది. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేం అంటారు, లినక్స్‌లో ఆ నటనకి ఏకంగా ఒక ఫైలే పెట్టారు, పీఎం టెస్ట్ అని. అందులో డివైసెస్ అని రాసి పడుకోబెడితే డ్రైవర్ల సస్పెండ్‌లన్నీ పిలుస్తుంది, 5 సెకన్లు కళ్ళు మూసుకుంటుంది, మళ్ళీ రెస్యూమ్‌లు పిలుస్తుంది, కరెంట్ మాత్రం ఎక్కడా తీయదు. రిజిస్టర్లు ఎక్కడివక్కడే, నా కోడ్ వందసార్లకి వందసార్లూ పాస్. అనుమానమొచ్చి జేటాగ్ డీబగ్గర్ (చిప్ లోపలికి తొంగిచూసే పరికరం) తగిలిస్తే కొన్ని చిప్స్‌లో ఆ డొమైన్ అసలు ఆఫే అవ్వదు, బగ్ కోసం వచ్చినవాడు బగ్ లేదని సర్టిఫికెట్ ఇచ్చి వెళ్తాడు. ఆర్‌టీసీవేక్ (అలారం పెట్టి సిస్టమ్‌ని లేపే కమాండ్) పెట్టి నిజంగా మెమ్ స్థితికి, అంటే సస్పెండ్ టు ర్యామ్‌కి పంపి లేపి చూసే మనుషులు కూడా ఉంటారు, అలాంటివాళ్ళతో స్నేహం వద్దు.

ఆ నిజం నిద్ర తర్వాత కూడా వెంటనే కొంపేం మునగదు, షెల్ నడుస్తుంది, అందాకా వాడుతున్న కమాండ్లన్నీ నడుస్తాయి, ఎందుకంటే అవన్నీ పేజ్ క్యాష్‌లోంచి, అంటే ర్యామ్‌లో ఉన్న కాపీల్లోంచి వస్తున్నాయి, ఫ్లాష్‌ని ఎవరూ ముట్టుకోలేదు కూడా. క్యాష్‌లో లేని ఫైలేదో ఎవరో అడిగితే గానీ గుట్టు బయటపడదు, అప్పటికి మనం రెస్యూమ్ సక్సెస్ అని లాగ్ పంపేసి ఉంటాం.

ఒక్క దగ్గర మాత్రం నేను కూడా గొంతు తగ్గించాలి. రీడ్ ఫెయిలైతే గొడవ అక్కడికక్కడే తేలిపోతుంది, రైట్ ఫెయిల్ కాకపోతేనే భయం. ఈసీసీ ఆఫైపోయిన కంట్రోలర్‌కి నాండ్ (ఒక రకం ఫ్లాష్) పేజీ ఇస్తే అది హాయిగా రాసేస్తుంది, చిప్ కూడా స్టేటస్ పాస్ అంటుంది. తర్వాతెప్పుడో రీబూట్ చేసి ఈసీసీ ఆన్‌లో అదే పేజీ చదివితే సరిదిద్దలేని ఎర్రర్ అంటుంది, అప్పుడందరం కలిసి చిప్ అరిగిపోయిందని తీర్మానిస్తాం, బ్లాక్‌కి బ్యాడ్ అని ముద్ర కూడా వేస్తాం. పాపం ఆ బ్లాక్ ఏం చేసిందండీ.

సరే, రిటర్న్ 0 కాకపోతే ఇంకేం రాయాలి అని అడిగితే వెంటనే జిరాక్స్ పార్టీవాళ్ళు లేస్తారు. పడుకునేముందు రిజిస్టర్ బ్లాక్ మొత్తం కాపీ తీసి లేచాక ఉన్నదున్నట్టు అతికించేయడమే వాళ్ళ సిద్ధాంతం. ఆ బ్లాక్‌లో కమాండ్ రిజిస్టర్ కూడా ఉంటుందని, దాంట్లో రాస్తే పని మొదలైపోయే రకాలుంటాయని వాళ్ళకి పట్టదు, చివరగా ఇచ్చిన కమాండ్ ఎరేజ్ అయ్యుంటే ఇక వాళ్ళ అదృష్టం. కొందరు కంట్రోలర్ క్లాక్ ఆన్ చేయకుండానే అతికించబోయి చిప్ లోపల డేటా వెళ్ళే బస్‌ని బిగుసుకుపోయేలా చేస్తారు. ఇంకోవైపు చాదస్తులు, ఓమాప్ చిప్స్‌లో బయటి మెమరీని నడిపే జీపీఎంసీ డ్రైవర్ చూడండి, వాడుతున్న ప్రతి చిప్ సెలెక్ట్‌కీ (బయటి చిప్‌ని ఎంచుకునే లైన్‌కీ) కాన్ఫిగ్ 1 నుంచి 7 దాకా పేరుపేరునా దాచి పేరుపేరునా తిరిగి పెడుతుంది. అది చాలదన్నట్టు, నాండ్ చిప్‌కి కూడా కరెంట్ పోయింది కదా, దానికి రీసెట్ కమాండ్ ఇచ్చి టైమింగ్ మోడ్ మళ్ళీ మాట్లాడుకోవాలి అంటారు. ఓఎన్ఎఫ్ఐ (నాండ్ చిప్‌లతో మాట్లాడే ప్రమాణం) లెక్కలో మోడ్ 0 సైకిల్ 100 నానోసెకన్లు, మోడ్ 5 సైకిల్ 20, చిప్ 0లో లేచి కంట్రోలర్ 5లో మాట్లాడితే కుదరదట. ఇంత ఓపిక ఉన్నవాళ్ళు డ్రైవర్లు రాయడమెందుకో.

నా పద్ధతికి అసలైన విజయం ఎస్పీఐ నార్ అనే ఇంకో రకం ఫ్లాష్ దగ్గర దొరికింది. 16 ఎంబీ దాటిన చిప్‌కి 3 బైట్ల అడ్రస్ సరిపోదు, అందుకని నా డ్రైవర్ ప్రోబ్‌లోనే (మొదట చిప్‌ని గుర్తించేటప్పుడే) దాన్ని 4 బైట్ల మోడ్‌లో పెడుతుంది. సస్పెండ్‌లో కరెంట్ పోతే చిప్ మళ్ళీ 3కి వచ్చేస్తుంది, డ్రైవర్ 4 బైట్లు పంపిస్తే చిప్ మొదటి మూడే తీసుకుని ఇంకెక్కడిదో డేటా ఇస్తుంది, ఎర్రర్ కూడా రాదు. చాదస్తులు రెస్యూమ్‌లో మళ్ళీ 4లో పెడతారు. సంతోషం. కానీ ఫ్లాష్‌కి రీసెట్ పిన్ కలపని బోర్డ్ మీద వాచ్‌డాగ్ (సిస్టమ్ బిగుసుకుపోతే రీసెట్ చేసే టైమర్) కరిచిందనుకోండి, చిప్ 4లోనే ఉండిపోతుంది, బూట్ రామ్‌కి (చిప్‌లో మొదట నడిచే, మార్చలేని కోడ్‌కి) 3 తప్ప రాదు, బోర్డ్ లేవదు. నా బోర్డ్ అప్పటికే 3లో ఉంది కాబట్టి టక్కున లేస్తుంది.

అందుకే మా యూజర్ గైడ్‌లో కొత్తగా ఒక లైన్ చేర్చాం: రీసెట్ బటన్ నొక్కేముందు సిస్టమ్‌ని ఒకసారి నిద్రపుచ్చి లేపగలరు.